ఫించ్ పిట్టల జంటలో ఆడ ఏది, మగ ఏది?

ప్రవాసాంధ్రుల ఇళ్లలో పిల్లల ముచ్చట తీర్చడానికి తెచ్చే పెంపుడు పక్షులలో ఫించ్ పిట్టలూ ఉన్నాయి. ఒంటిపిట్టను పంజరంలో ఉంచడం పాపమని భావించి పెద్దలు దుకాణంలో ‘ఒక జంట’ ఇమ్మని అడుగుతారు. అందులో ఏది ఆడదో, ఏది మగదో కొనేవారికి తెలియదు. అమ్మేవారి మాట అన్నివేళలా నమ్మదగినదీ కాదు. ఈ తేడా తెలుసుకొనవలసింది పిట్టల సంతానాన్ని పెంచడానికే అనుకోవడం పొరపాటు. చాలా ఇళ్లలో అది సంతానం కలగకుండా చూడడానికే ఎక్కువ అవసరం.

ఆస్ట్రేలియా నుండి వచ్చిన జీబ్రా ఫించ్ విషయంలో పని సులువు. మగదానికి చెంపల మీద నారింజరంగు మచ్చలు, గొంతు మీద నలుపు తెలుపు చారలు, రొమ్మున నల్లని పట్టీ, రెక్కల కింద తెల్లచుక్కలు గల ఇటుకరంగు ఈకలు ఉంటాయి. ఆడదానికి ఈ అలంకారాలు లేవు, ఒళ్లంతా బూడిదరంగే. పూర్తిగా తెల్లని రకాలలో ముక్కే ఆధారం: మగదానిది ఎరుపు, ఆడదానిది కొంత వెలిసిన నారింజరంగు. అయితే పిల్లలన్నీ మొదట తల్లి రంగులోనే, నల్లముక్కుతో ఉంటాయి. సుమారు మూడు నెలలు నిండనిదే తేడా స్పష్టంగా తేలదు. నల్లముక్కు పిట్టను చూపి ఆడదని అమ్మితే ఆ మాటకు విలువ లేదు.

సొసైటీ ఫించ్ దగ్గర కళ్లు ఓడిపోతాయి. ఇది దక్షిణ భారతంలోనూ కనిపించే ఒక జినువాయి జాతికి చెందినది. జపానులో రెండు శతాబ్దాలకు పైగా పెంపకంలో మార్పు చెంది ఈ రూపం దాల్చింది. ఆడ, మగ ఒక్కలాగే ఉంటాయి. ఇక్కడ సాక్ష్యం చెప్పేది పాట. మగది ఈకలు ఉబ్బించి, గెంతుతూ పాడుతుంది. ఆడది కూస్తుందే గాని పాడదు. పిట్టలను కొంతసేపు వేరుగా ఉంచి తిరిగి కలిపితే మగది తరచుగా పాట అందుకుంటుంది. పాడినది మగదే. పాడనిది ఆడదని మాత్రం తొందరపడరాదు. పాటను నడిపించే మెదడు భాగాలు జీబ్రా ఫించ్, కెనరీ మగపక్షులలో చాలా పెద్దవని 1976లో నాట్టెబోమ్, ఆర్నాల్డ్ నిరూపించారు. ఈకను పరీక్షించి లింగం చెప్పే ప్రయోగశాలలు ఉన్నా, ఓపికగా వినే ఇంటికి ఆ ఖర్చు సాధారణంగా అక్కరలేదు.

ఆడ, మగ కలిసి, గూడూ దొరికితే జీబ్రా ఫించ్ ఇంట్లో ఋతువుతో పనిలేకుండా గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఆ శ్రమలో ఆడదాని ఒంట్లోని సున్నం తరిగిపోతుంది. గుడ్డు లోపల చిక్కుకుని ప్రాణం పోవడమూ ఉంది. అటువంటి జంటకు గూటిపెట్టెను కూడా కానుకగా కట్టబెట్టే వ్యాపారం దయగలది కాదు. ఇవి గుంపుగా బ్రతికే పక్షులు. వాటికి కావలసింది తోడు, పెళ్లి కాదు. పిల్లపిట్టలకు చోటు చూపలేని ఇంటికి రెండు మగపిట్టలే మేలు. రెండూ ఆడవైతే మగతోడు లేకున్నా గుడ్లు పెట్టవచ్చు; అవి పిల్లలు కావు.

గుడ్డు పగిలి పిల్ల రావడం పిల్లలు కళ్లారా చూడాలనే తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే. ఒక్క ఈతతో తృప్తిపడి, పిల్లలు గూడు విడిచి వాటంతటవి తినసాగిన వెంటనే గూటిపెట్టెను తీసివేయాలి. గింజల గిన్నె మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. దానినే గూడుగా చేసుకోవడానికి ఈ పిట్ట వెనుకాడదు.