పాముకి పక్క వేయాలి!

మా అమ్మకి పామంటే చచ్చేంత భయం. పుట్టి పెరిగింది అమలాపురం దగ్గర కొబ్బరితోటల మధ్యే అయినా ఆ భయం మాత్రం పోలేదు. నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళ్లినా నాన్నని ముందు నడవమనేది. అలాంటి మనిషి పోయినేడాది అక్క దగ్గరికి డాలస్ వెళ్లి, వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. ‘‘ఏమేవ్, వీడు గదిలో గాజుపెట్టెలో పామునెట్టుకున్నాడే!’’

వీడంటే అక్క కొడుకు. ఎనిమిదో తరగతి. పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలన్నాడు. అక్క వద్దంది. బేరం సాగీ సాగీ చివరికి కార్న్ స్నేక్ దగ్గర తెగిందట. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము అది. విషం ఉండదు. మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతుంది. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతుంది. పొట్ట కింద గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల్లా ఉంటాయని ఆ పేరు వచ్చిందంటారు. ఆ మాట విని అమ్మ దానికి ‘పొత్తు’ అని పేరు పెట్టేసింది. పేరు పెట్టాక సగం భయం పోయింది.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. పెట్టెలో అడుగున వేసే పక్క కొనడానికి మనవడితోపాటు అమ్మ కూడా షాపుకెళ్లింది. చెక్కపొట్టు, చెట్టుబెరడు ముక్కలు, ఇసుక, ప్లాస్టిక్ గడ్డి చాప... రకరకాలున్నాయి. వాటి మధ్య ఇటుకలా నొక్కిన కొబ్బరిపొట్టు! ‘‘మన దొడ్లో కుప్పలుగా పడుండేదానికి డాలర్లా!’’ అని ఆశ్చర్యపోయి, అదే కొనిపించింది. గోరువెచ్చటి నీళ్లలో నానేస్తే బకెట్ నిండా పొంగింది. ఎండితే దుమ్ము లేస్తుందని, తులసికోటకి పోసినట్టే రోజూ పొద్దున్నే నీళ్లు చిలకరించడం కూడా అలవాటు చేసింది.

నెల తిరిగేసరికి పిల్లాడు పొత్తుని చేతిలోకి తీసుకుని చూస్తే పొట్ట మీద ఎర్రటి మచ్చలు, చిన్నచిన్న పొక్కులు. సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ చూడగానే చెప్పేసింది, పొలుసులు కుళ్లుతున్నాయని. తడి, మురికి కలిసిన పక్క మీద పాము రోజుల తరబడి పడుంటే వచ్చే జబ్బు అది. పట్టించుకోకపోతే రక్తంలోకి పాకి ప్రాణం తీస్తుంది. మనం తడిసిన బూట్లతో ఓ నెల తిరిగితే పాదాలు ఏమవుతాయి? పాముకి పొట్టంతా అరికాలే మరి! నడిచినా, పడుకున్నా నేలకి అంటుకునే ఉంటుంది.

‘‘నా చేత్తో నేనే తెచ్చిపెట్టానే’’ అని అమ్మ ఆ రాత్రి ఫోన్‌లో ఏడ్చింది. పాము కోసం అమ్మ ఏడుస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మందుతోపాటు డాక్టరు చెప్పిన వైద్యం ఏంటో తెలుసా? తగ్గేదాకా న్యూస్‌పేపర్ పరవమంది! ఎందుకంటే పొడిగా ఉంటుంది, తడిని పీలుస్తుంది. మలం పడినా, రక్తం చుక్క కనిపించినా, ఒంటిమీది పేలు రాలినా ఇట్టే తెలిసిపోతుంది. రోజూ మార్చినా ఖర్చు ఉండదు. కొత్తగా తెచ్చిన పాముకి కూడా మొదటి కొన్ని వారాలు కాగితమే మేలు. కాకపోతే అందులో దూరి దాక్కోలేదు. అందుకని చిన్న అట్టపెట్టెకి కన్నం చేసి లోపల పెట్టాలి.

అక్క ఇంట్లో పేపరంతా ఫోన్‌లోనే. కాగితం ఎక్కడిది? ఊరగాయ సీసాలకి చుట్టి అమ్మ తీసుకెళ్లిన మన తెలుగు పేపర్లే గతి అయ్యాయి. ‘‘అక్షరాల మీద పామునా? సరస్వతి కదే!’’ అని అమ్మ కాసేపు తటపటాయించింది. ‘‘ప్రాణం నిలబెడితే సరస్వతి ఏమీ అనుకోదులే’’ అన్నాను. దేవుడి బొమ్మలున్నవి, నూనె మరకలున్నవి, తడి పీల్చని నున్నటి రంగుల పేజీలు ఏరి పక్కన పెట్టింది. మిగిలినవాటిలో షేర్ల ధరలు, టెండర్ ప్రకటనల మీద పొత్తు హాయిగా పడుకుంది. రెండుసార్లు కుబుసం విడిచేసరికి పొట్ట శుభ్రపడింది.

అయితే తప్పు కొబ్బరిపొట్టుది కాదు. ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్‌కి గాలిలో తేమ ఎక్కువ కావాలి. దానికి కొబ్బరిపొట్టు, సైప్రస్ చెట్టు బెరడు బాగుంటాయి. అప్పుడు కూడా పైన తడి తేలకూడదు. కార్న్ స్నేక్‌కి అంత తేమ అక్కర్లేదు. ఆస్పెన్ అనే చెట్టు చెక్కపొట్టు రెండు మూడు అంగుళాల మందాన పోస్తే సొరంగాలు చేసుకుని అందులో దూరుతుంది. తడిస్తే బూజు పడుతుంది కాబట్టి నీళ్లగిన్నె ఒలికితే వెంటనే మార్చాలి. కుబుసం విడిచే రోజుల్లో మాత్రం ఓ చిన్న డబ్బాలో తడినాచు పెడితే చాలు. మరీ పొడిగా ఉంటే కుబుసం ముక్కలుగా ఊడుతుంది.

వాసనొచ్చే సీడార్ చెక్కపొట్టు మాత్రం అసలు వద్దు. ఆ సువాసన నూనెలే పాముకి విషం. ఇసుక ఎడారి పాములకేగానీ దీనికి పనికిరాదు, మేతతో కలిసి పొట్టలోకి పోతే పేగులకి అడ్డం పడొచ్చు. ప్లాస్టిక్ గడ్డిలో మురికి చిక్కుకుంటుంది. మలం పడ్డచోట పొట్టు రోజూ ఎత్తేయాలి, నెలకోసారి మొత్తం మార్చాలి. చూడ్డానికి ఏది బాగుందని కాదు, ఆ పాము పుట్టిన నేల ఎలాంటిదని అడిగి కొనాలి.

ఇది చదివి మీ ఇంట్లో పిల్లలు ‘మనమూ పెంచుకుందాం’ అంటే మాత్రం ముందే చెప్పేయండి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువలాంటి మన పాముల్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్‌లాంటి విదేశీ జాతులు ఉన్నవాళ్లు కూడా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. 2022లో చట్టాన్ని సవరించారు, 2024లో నిబంధనలు వచ్చాయి. ఇంట్లోకి పాము వస్తే కొట్టకుండా అటవీశాఖకి ఫోన్ చేయడం నేర్పితే అంతకన్నా మంచి పెంపకం లేదు.

అమ్మ తిరిగొచ్చి ఆర్నెల్లయింది. ఇప్పటికీ ఆదివారం వీడియోకాల్‌లో మనవణ్ని అడిగే మొదటి ప్రశ్న ‘అన్నం తిన్నావా’ కాదు. ‘‘పొత్తు పొట్ట చూశావా నాన్నా?’’