కరువు సీమ నుండి కడలి లోతులకు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుండి వచ్చిన మనకు సముద్రంతో ఏమి పని? ఈ శీర్షిక చూడగానే మిత్రులు చాలామంది వేసే ప్రశ్న ఇదేనని నాకు తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు అనుకునే నేల మనది. వేరుశనగ ఊడలు దిగే వేళకు ఒక్క మంచి వాన కోసం ఆకాశం వైపు చూసే కుటుంబాల పిల్లలం. అలాంటి మనం వీపుకు డబ్బా కట్టుకొని నీళ్ళ అడుగుకు పోవడమేమిటని నవ్వవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి!

ఈ మధ్య మా హాస్టలులో ఈ మాట తరచు వినబడుతోంది. సెలవుల్లో మురుడేశ్వరం పోయి నేత్రాణి దీవి దగ్గరనో, విశాఖ పోయి రుషికొండ దగ్గరనో స్కూబా డైవింగు చేయాలని చాలామందికి ఉబలాటం. ఉబలాటంతోపాటే నూటొక్క సందేహాలు. సొరచేప పట్టుకుంటే? మధ్యలో గాలి అయిపోతే? చెవులు పగిలితే? ఇవన్నీ విన్న మీదట నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే. భయపడనక్కరలేని వాటికి మనం భయపడుతున్నాం. భయపడవలసిన వాటిని మాత్రం లెక్క చేయడం లేదు.

మొదట సొరచేప సంగతి చూద్దాం. ప్రపంచమంతటా కలిపి సొరచేపల వల్ల ఏడాదికి చనిపోయేవారు పది పదిహేను మందికి మించరు. అదే పాముకాటు వల్ల, 2000 నుండి 2019 వరకు మన దేశంలోనే సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. కరెంటు వచ్చిందంటే చీకట్లో చెప్పులు కూడా వేసుకోకుండా మోటారు వేయడానికి పరుగెత్తే మనం, ఎన్నడూ చూడని సొరచేపను తలచుకొని వణకడం వింత కాదా?

ఇక గాలి. అందరూ ఆక్సిజన్ సిలిండరు అంటారు గానీ మామూలు స్కూబా సిలిండరులో ఉండేది మనం పీల్చే గాలే, గట్టిగా కుదించి నింపుతారు, అంతే. 1943లో ఫ్రాన్సు దేశీయులు కూస్తో, గాన్యాఁ కలిసి తయారుచేసిన పరికరం గొప్పతనమేమంటే, ఏ లోతులో ఉంటే ఆ లోతు ఒత్తిడికి తగినట్టు, మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలినిస్తుంది. పన్నెండు లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపితే సుమారు 2,400 లీటర్లవుతుంది. గట్టు మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది రెండు గంటలు వస్తుంది. సముద్రంలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కదా, కనుక పది మీటర్ల లోతులో అదే గాలి గంటే వస్తుంది. ఇరవై మీటర్లలో నలభై నిమిషాలు. అందులోనూ కొంత మిగిలి ఉండగానే పైకి రావాలి. ముందున్న గేజి చూసుకుంటూ ఉంటే గాలి హఠాత్తుగా అయిపోదు. గాభరాపడి గబగబా పీల్చేవాడికి మాత్రం తొందరగా అయిపోతుంది.

అసలు ప్రమాదం మరొక చోట ఉంది. అది మన పల్లె ఈతగాళ్ళకే ఎక్కువ వర్తిస్తుంది. మోటబావిలో దూకి, ఊపిరి బిగబట్టి, అడుగున మన్ను చేతబట్టి పైకి రావడం మన పెద్దల కాలంలో మొగతనానికి పరీక్ష. గట్టు మీద పీల్చిన గాలి లోపలికి పోయేకొద్దీ కుదించుకుంటుంది, పైకి వచ్చేసరికి మళ్ళీ మొదటి పరిమాణానికే వస్తుంది. కనుక ఊపిరితిత్తులు సాగవు. స్కూబాలో అలా కాదు. పది మీటర్ల లోతులో నిండుగా పీల్చిన గాలి గట్టు మీది గాలికి రెండింతలు చిక్కన. దాన్ని బిగబట్టి పైకి వస్తే, మనం ఇంటర్మీడియట్లో బట్టీపట్టిన బాయిల్ సూత్రం ప్రకారం అది రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు ఎక్కడికని సాగుతాయి? చినుగుతాయి. అందువల్ల స్కూబాలో మొట్టమొదటి సూత్రం, ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు. బావి ఈతలో పేరు తెచ్చుకున్నవాడు సముద్రంలో ముందుగా మానుకోవలసినది ఆ పేరు తెచ్చిన అలవాటునే! అంతేకాదు, గాలి పరిమాణం అన్నిటికంటే ఎక్కువగా మారేది పైనున్న పది మీటర్లలోనే. “లోతు తక్కువే కదా” అనే ధీమా పనికిరాదు.

చెవినొప్పి మనకు కొత్త కాదు. బావిలో రెండు మూడు మట్లు దిగితేనే చెవులు బిగుసుకోవడం తెలిసినవాళ్ళకు తెలుసు. ముక్కు మూసుకొని మెల్లగా గాలిని చెవులవైపు నెట్టితే సర్దుకుంటాయి. నొప్పి పుట్టకముందే, దిగుతున్నంతసేపూ ఇలా చేస్తుండాలి. సర్దుకోకపోతే కాస్త పైకి రావాలి. జలుబు చేసినరోజు దిగనే కూడదు. ఇక్కడ కావలసింది ధైర్యం కాదు, ఓపిక.

పైకి వచ్చే వేగమూ ముఖ్యమే. గోలీసోడా కొట్టగానే బుడగలు ఎందుకు పొంగుతాయి? ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడం వల్ల. లోతులో మన రక్తంలో కరిగిన నత్రజని కూడా అంతే. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించని వేగంతో పైకి రావడం, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం ఇందుకే. విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగమంటారు. మన హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, మురుడేశ్వరం నుండి వచ్చే దారిలో ఘాట్లు ఎక్కాలి. కనుక తిరుగు ప్రయాణం ఎప్పుడని నేర్పేవాళ్ళను అడిగి మరీ బయలుదేరాలి.

కోర్సులో చేరేముందు ఆరోగ్యం గురించి ఒక కాగితం నింపమంటారు. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషను ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే డాక్టరు సంతకం కావాలి. “అన్నింటికీ లేదని రాసేయ్ రా” అని సలహా ఇచ్చే మిత్రులు ప్రతి హాస్టలులోనూ ఉంటారు. హాజరు పట్టీలో అబద్ధం నడుస్తుందేమో గానీ, నీళ్ళలో నడవదు.

డబ్బు సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. పూర్తి కోర్సుకు ఇరవై, ముప్పై వేల మాట. రైతు ఇంట్లో అంత డబ్బంటే విత్తనాలు, ఎరువు, చెల్లెలి ఫీజు. మా నాయనతో ఈ మాటంటే, “బోర్లో నీళ్ళు రాక మేము సస్తాంటే, నీకు నీళ్ళల్లో మునిగే సదువు కావల్నా?” అన్నాడు. ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయలేను. అప్పు చేసి ఎవరూ నేర్చుకోవద్దనే నా మాట కూడా. కానీ ఆ విద్యకు మొదటి మెట్టయిన ఈత మాత్రం మనకు విలాసం కాదు, అవసరం.

ప్రపంచంలో ఎక్కువగా నడిచే పాడి సంస్థ తొలి కోర్సు (పాడి అంటే మన ఎనుముల పాడి కాదు!) పదేళ్ళ పిల్లలకు కూడా నేర్పుతుంది, పెద్దవాళ్ళను 18 మీటర్ల లోతు వరకు అనుమతిస్తుంది. అందులో అడిగేదేమిటి? ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, అదీ ఎంతసేపైనా తీసుకోవచ్చు. పది నిమిషాలు నీటిపై తేలాలి. ఈత రానివాళ్ళనూ చేయిపట్టి ఒకసారి కిందికి తీసుకుపోయి చూపేవాళ్ళున్నారు. అది తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కడం వంటిది. సరదా తీరుతుంది, విద్య రాదు.

మన తాతలు సొరబుర్రలు నడుముకు కట్టుకొని బావుల్లో ఈత నేర్చారు. తర్వాత బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి, ముళ్ళకంపలు మొలిచాయి. బావితోపాటే ఈత పోయింది. ఇప్పుడేమయింది? హంద్రీ-నీవా కాలువ వచ్చింది, పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణా జలాలు చేరాయి. ఏళ్ళ తరబడి ఇసుక తప్ప మరొకటి కనబడని చిత్రావతి పొంగి, 2021 నవంబరు 19న అందులో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చింది. నీళ్ళు తిరిగి వచ్చాయి గానీ ఈత తిరిగి రాలేదు! ప్రపంచంలో 2021లో సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన కాలువల్లో, కుంటల్లో ఎవరైనా మునిగితే “గజఈతగాళ్ళను పిలిపించండి” అంటాం. ఆ గజఈతగాళ్ళు ఎవరు? ముఖానికి అద్దం కూడా లేకుండా బురద నీళ్ళలో చేతులతో తడిమి శవాలను వెతికే పేదవాళ్ళు. డైవింగు నేర్చిన యువకులు, తగిన పరికరాలు మన పట్టణాల్లోనూ ఉండాలని కోరడం అత్యాశా?

ఇంకొక మాట. బావుల కాలంలో కూడా ఈత దాదాపు మగపిల్లల సొత్తే. “మీకైనా తాత నేర్పాడు, మాకెవరు నేర్పుతారు?” అని మా తరగతి అమ్మాయి ఒకరు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. డైవింగు దుస్తులు మెడ నుండి మడమల దాకా కప్పేవే దొరుకుతాయి. కనుక బట్టల సాకు చెల్లదు. నేర్పే మహిళలు, వేళకు వాహనం, గట్టు మీద కాపలా ఉంటే మన చెల్లెళ్ళు ఎవరికీ తీసిపోరు.

కనుక విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ఏటా ఆటలపోటీలకు, వార్షికోత్సవానికి ఖర్చు పెడుతున్నాం, సంతోషమే. వచ్చే ఏడాది నుండి దగ్గరలోని ఏదైనా ఈతకొలనుతో మాట్లాడి, శిక్షకుని సమక్షంలో, బాలురకూ బాలికలకూ వేరువేరు వేళల్లో ఒక నెల ఈత శిబిరం పెట్టించండి. 200 మీటర్లు ఈదిన ప్రతివారికీ ఒక సర్టిఫికెట్టు ఇవ్వండి. అలా ఈదినవారిలో పదిమంది ఏనాటికైనా నేత్రాణి దాకా పోవచ్చు, ఇద్దరు నౌకాదళంలోనో విపత్తు సహాయ దళంలోనో చేరవచ్చు. మిగిలినవారు ఊళ్ళోనే ఉండి, కాలువలో జారిన పసివాణ్ణి గట్టుకు చేర్చగలిగితే చాలు. అందుకోసమైనా ఈ శిబిరం పెట్టవలసిందే.