ఆవకాయ ద్రవమా, ఘనమా?

వేసవి వచ్చిందంటే ఇండియా నుంచి అమ్మానాన్నలూ, అత్తమామలూ మన ఇళ్ళకు వచ్చే రోజులు. వారితోబాటు కొత్తావకాయా, నేతి డబ్బా కూడా బయలుదేరతాయి. బయలుదేరినవన్నీ మన గుమ్మం చేరవు.

2006 ఆగస్టులో ద్రవపదార్థాలతో చేసిన బాంబులతో విమానాలను పేల్చే కుట్ర లండన్‌లో బయటపడింది. అప్పటినుంచి చేతిసంచీలో ద్రవాలకు హద్దు వచ్చింది. అమెరికాలో అది సీసాకు 3.4 ఔన్సులు, అంటే 100 మిల్లీలీటర్లు. పెద్ద సీసాలో అడుగున కాస్తే ఉందన్నా ఒప్పుకోరు. ద్రవమంటే మనకు నీళ్ళూ, మజ్జిగా. తనిఖీ చేసేవారికి కారేదీ, జారేదీ, పూసేదీ అంతా ద్రవమే. ఇక్కడివారి పీనట్ బటర్‌కే లేని మినహాయింపు మన గోంగూరకెక్కడిది?

కనుక పచ్చళ్ళూ, నెయ్యీ పెద్ద పెట్టెలోనే. బరువెక్కువైందని కౌంటరు దగ్గర పచ్చడి డబ్బా తీసి చేతిసంచీలోకి మార్చారో, అది కాసేపటికి చెత్తబుట్టలో ఉంటుంది. కరివేపాకూ, మామిడిపళ్ళూ, మాంసం పచ్చళ్ళూ అసలు వద్దు. తెచ్చిన తినుబండారాలేవో ఇక్కడి కస్టమ్స్ వారికి చెప్పి తీరాలి. చెబితే పోయేది వస్తువే, దాస్తే జరిమానా కూడా.

మా బెంగ పచ్చడి గురించి కాదు. ఏది తేవచ్చో తెలియక ఏమీ తెచ్చుకోకుండా, విమానంలో పెట్టింది తినలేక, రోజంతా పస్తుండే పెద్దలున్నారు. మధుమేహం ఉన్నవారికి అది ప్రమాదం. ఇడ్లీలు, చపాతీలు, పులిహోర, చేగోడీలు చేతిసంచీలో తెచ్చుకోవచ్చు. పెరుగన్నం మీద వాదనకు దిగేకంటే పులిహోరే మేలు. మందులకూ, పసిపిల్లల పాలకూ పై హద్దు లేదు. తనిఖీ దగ్గర ముందే తీసి చూపాలి. ఖాళీ సీసా తెచ్చుకుని తనిఖీ అయ్యాక నీళ్ళు నింపుకోవచ్చు. విమానం మారేచోట మళ్ళీ తనిఖీ ఉండవచ్చు కనుక అక్కడికి చేరేలోగా ఆ నీళ్ళు తాగేయాలి.

ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాసి టిక్కెట్టుతోబాటు పంపండి. ఫోనులో ఒకసారి చదివి వినిపించండి. నెలరోజుల ముందునుంచీ మన కోసం కలిపి పెట్టిన పచ్చడిని అమ్మ చేతిలోంచి తీసి పారేస్తుంటే, ఎందుకని అడగడానికి ఆవిడకు భాష రాదు. చెప్పడానికి మనం అక్కడ ఉండము.