పక్క తిప్పితే గుణింతం

పకు గుడిస్తే పి, పకు కొమ్మిస్తే పు. తెలుగు పిల్లలకు అచ్చులు అబ్బే దారి ఇది. కెనడాలోని క్రీ ఆదివాసుల లిపిలో గుడీ లేదు, కొమ్మూ లేదు. అక్షరాన్నే తిప్పుతారు. బాణం మొనలాంటి గుర్తు ఒకటి ఉంది. మొన పైకుంటే ‘పి’, కిందికుంటే ‘పే’, కుడికి తిరిగితే ‘పొ’, ఎడమకు తిరిగితే ‘ప’. ఇలాంటి తొమ్మిది ఆకారాలూ నాలుగు దిక్కులూ పట్టుబడితే చదవడం చాలావరకు వచ్చినట్టే.

ఇప్పటి మానిటోబాలోని నార్వే హౌస్‌లో, 1840లో, మెథడిస్టు మిషనరీ జేమ్స్ ఎవాన్స్ ఈ లిపిని అచ్చుకెక్కించాడు. అచ్చుయంత్రం లేదు. తేయాకు పెట్టెల్లోని సీసపు రేకు కరిగించి అక్షరాలు పోతపోశాడు. మసిలో చేపనూనె కలిపి సిరా చేశాడు. బొచ్చుతోళ్ల మూటలు బిగించే యంత్రంతోనే పుటలు నొక్కాడు. పిట్మన్ సంక్షిప్తలిపితో పాటు దేవనాగరి కూడా అతనికి దారి చూపిందని పలువురు పండితుల అభిప్రాయం. అదే నిజమైతే గుణింతమనే మన ఊహ ఆ మంచు అడవులదాకా నడిచిందన్నమాట!

క్రీ పెద్దలు చెప్పే కథ వేరు. కాలింగ్ బ్యాడ్జర్ అనే పెద్దాయన ఆత్మలోకానికి వెళ్లి, ఈ అక్షరాలను భూర్జపత్రం మీద తెచ్చాడంటారు. ఈ కథను కట్టుకథని పక్కన పెట్టేయడం తగదు. ఎందుకంటే ఈ లిపిని ఊరూరా చేర్చినది బడి కాదు, క్రీ జనమే. భూర్జపత్రం మీద బొగ్గుతో రాసి, ఒకరికొకరు నేర్పుకున్నారు. కాశ్మీరంలో సంస్కృత గ్రంథాలను మోసినదీ భూర్జపత్రమే.

తర్వాత లిపి ఇంకా ఉత్తరానికి పోయింది. 1894లో మిషనరీ ఎడ్మండ్ పెక్ దాన్ని బాఫిన్ ద్వీప ప్రాంతపు ఇన్యూట్ ఆదివాసుల దగ్గరకు తీసుకెళ్లాడు. నేడు అక్కడి నునావుట్ ప్రాంత రాజధాని ఇకాలుయిట్‌లో ‘ఆగుము’ పలకల మీద కూడా ఆ అక్షరాలే కనిపిస్తాయి.

అయితే 2019లో ఇన్యూట్‌ల జాతీయ సంస్థ, ఇన్యూట్ తాపిరిట్ కనాటామి, అన్ని ప్రాంతాలకూ ఉమ్మడిగా ఒక రోమన్ రాతను ఆమోదించింది. పాత లిపిని రద్దు చేయలేదు. ఒకరి పుస్తకం మరొకరు చదవగలగాలన్న వారి అవసరం నిజమైనదే. అయినా తిరిగే అక్షరాలు వెనకబడతాయేమోనన్న దిగులు ఈ పత్రికకు ఉంది. అమ్మకు పంపే సందేశాన్ని సైతం రోమన్ అక్షరాల్లో కొట్టే తెలుగువాళ్లకు ఆ దిగులు కొత్తది కాదు.

కెనడాలో వారాంతపు తెలుగు బడులు నడిపేవారికి ఒక విన్నపం. గుణింతం చెప్పే రోజున బల్ల మీద ఆ బాణం మొనను కూడా గీయండి. గుడిచ్చి ఒకసారి, మొన పైకి తిప్పి ఒకసారి, పిల్లలచేత ‘పి’ రాయించండి.