టవర్ల నేల సీమ జనానికే దక్కాలి

రాయలసీమకు రేడియో ఆలస్యంగా వచ్చింది. ఆకాశవాణి కేంద్రం మద్రాసులో 1938లో, విజయవాడలో 1948లో మొదలైంది. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న కర్నూలుకు ఆ మూడేళ్లలో రేడియో కేంద్రం దక్కలేదు. 1963లో కడప కేంద్రం తెరుచుకున్నాకే సీమ మాట, సీమ పాట సొంత గడ్డ మీది టవర్ నుంచి వినపడ్డాయి. 1980లలో దూరదర్శన్ రిలే టవర్లు పట్టణాలకు విస్తరించాయి. అంత ఆలస్యంగా అందిన ఈ టవర్లకు ఇప్పుడు కాలం చెల్లిందంటున్నారు. వాటి కింది నేల ఎవరికి చెందాలన్న ప్రశ్న రాకముందే జవాబు చెప్పుకోవాలి. ఆ నేలను అమ్మకూడదు, పాడుపెట్టకూడదు. టవర్‌ను స్థానిక ఎఫ్‌ఎంకు, చుట్టూ ఉన్న జాగాను పార్కుకు కేటాయించాలి.

అనలాగ్ టీవీ ట్రాన్స్‌మిటర్లను మూసేయడాన్ని మేం తప్పుపట్టడం లేదు. డిష్, కేబుల్ వచ్చాక ఇంటి మీది యాంటెన్నాతో టీవీ చూసేవారు దాదాపు లేరు. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 తప్ప మిగతావన్నీ 2022 మార్చి 31 నాటికి ఆపేస్తామని, దానివల్ల ఏటా దాదాపు రూ.100 కోట్లు ఆదా అవుతాయని ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి ప్రకటించింది. మీడియం వేవ్ రేడియోనూ దశలవారీగా తగ్గిస్తోంది. అయితే పాతబడింది లోపలి యంత్రమే. టవర్ ఎత్తుకు, దాని చుట్టూ మిగిలిన ఖాళీ జాగాకు విలువ తగ్గలేదు.

ఆ ఖాళీ జాగా ఊరికే వదిలేసింది కాదు. టీవీ టవర్ యాంటెన్నాను మోస్తుంది. మీడియం వేవ్‌లో టవరే యాంటెన్నా. అది పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడుతుంది. దాని మొదలు నుంచి రాగి తీగలను బండిచక్రం ఆకుల్లా నలుదిక్కులా మట్టిలో పాతుతారు. కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం సుమారు 333 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 80 మీటర్లకు పైగా, తీగలు పరుచుకోవాలి. తడి తక్కువైన నేల విద్యుత్తును సరిగా మోయదు కాబట్టి సీమ వంటి చోట ఈ తీగలు మరీ అవసరం. అందుకే అక్కడ కట్టడాలకు చోటివ్వరు. పట్టణాలు కిక్కిరిసిపోతున్న రోజుల్లో ఇంజనీరింగ్ అవసరం కాపాడిపెట్టిన ఇలాంటి నేల ఒకసారి ప్లాట్లయితే మళ్లీ దొరకదు.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఇంకా టవరెందుకని కొందరు అడుగుతారు. జవాబు సీమ చూసిన వరదల్లోనే ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. కరెంటు పోతే సెల్ టవర్ బ్యాటరీలు కొన్ని గంటలకు మించి ఆగవు. అందరూ ఒక్కసారే ఫోన్ చేస్తే లైను కలవదు. జనరేటర్ మీద నడిచే ఒక్క ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ మాటను మాత్రం ఎంతమంది విన్నా దాని మీద భారం పెరగదు. రేడియో ఉండి ఉంటే అందరూ బతికేవారని మేం అనడం లేదు. హెచ్చరిక చేరే దారి ఒకటికి రెండు ఉండాలంటున్నాం.

ఖర్చు మాటకూ సమాధానం ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో కడప, కర్నూలు ఉన్నాయి. ప్రసార భారతి టవర్లను ప్రైవేటు ఎఫ్‌ఎంలు అద్దెకు వాడుకోవడం కొత్తేమీ కాదు. ఆ అద్దెను పార్కు నిర్వహణకు మళ్లించవచ్చు. నీళ్లకు కటకటలాడే చోట పార్కేమిటన్న అభ్యంతరం పచ్చిక పరిచే పార్కులకైతే న్యాయమే. వేప, కానుగ, చింత, రావి మొదటి రెండు మూడేళ్లు కాపాడితే ఆ తర్వాత సీమ ఎండను అవే తట్టుకుంటాయి. ప్రమాదం సంగతంటారా, మీడియం వేవ్ నడిచినంత కాలం ఆ టవర్ దగ్గరికి ఎవరినీ రానివ్వకూడదు. ప్రసారాలు ఆగిన టీవీ రిలే కేంద్రాలకు ఆ అడ్డంకి లేదు, అక్కడే మొదలుపెట్టవచ్చు.

పని మారినంత మాత్రాన కట్టడం పనికిరానిది కాదు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 1956లో ప్రారంభమైన టవర్ నుంచి టీవీ ప్రసారాలు 2006లో ఆగాయి. అయినా అది ఎఫ్‌ఎం రేడియోకు, సందర్శకులకు పనికొస్తూనే ఉంది. అంతదూరం ఎందుకు, కొండారెడ్డి బురుజుకు కోట కాపలా పని పోయి తరాలు గడిచినా కర్నూలుకు ఆనవాలు అదే.

కాబట్టి ప్రసార భారతి ముందుగా సీమలోని తన టవర్ స్థలాల విస్తీర్ణం, ప్రస్తుత వినియోగం బయటపెట్టాలి. మాస్టర్ ప్లాన్లలో వాటిని బహిరంగ స్థలాలుగా నమోదు చేయాలి. కడప, కర్నూలు నగరపాలక సంస్థలు నిర్వహణ ఒప్పందానికి ముందుకు రావాలి. ఎంపీలు ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తాలి. ప్రజల సొమ్ముతో నిలిచిన టవర్ నీడ ప్రజలకే దక్కడం సీమ హక్కు. ఆ స్థలాల వేలం ప్రకటన వెలువడ్డాక అడిగితే ఆ హక్కు కోర్టు వ్యాజ్యంగా మిగులుతుంది, అడగాల్సింది ఇప్పుడే.