సగం దాటితే రేసు అయిపోయినట్టేనా?

2019 జులై 9న మాంచెస్టర్‌లో వాన పడి ప్రపంచకప్ సెమీఫైనల్ ఆగిపోయింది. న్యూజిలాండ్ ఇన్నింగ్స్ 46.1 ఓవర్ల దగ్గర ఉంది. మర్నాడు సరిగ్గా అక్కడి నుంచే ఆట మొదలుపెట్టారు. 18 పరుగుల తేడాతో మనం ఓడిపోయాం. ధోని రనౌట్ ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. అయినా అది చివరి ఓవర్ దాకా ఆడి తేల్చుకున్న ఆట.

ఆ సెమీఫైనల్ మొదలవడానికి రెండు రోజుల ముందు, ఫ్లోరిడాలోని డేటోనాలో నాస్కార్ స్టాక్ కార్ రేసు మరోలా ముగిసింది. 160 ల్యాప్‌లకు 127 అయ్యాయి. పెద్ద ప్రమాదం జరగడంతో పసుపు జెండా ఎగిరింది, కార్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ముందున్నది కర్ట్ బుష్. మరో ల్యాప్‌లో పచ్చజెండా ఊపి రేసు మళ్లీ మొదలుపెడతామని అధికారులు సంకేతమిచ్చారు. అది నమ్మి బుష్, ఇంధనం నింపి టైర్లు మార్చే పిట్‌లోకి వెళ్లాడు. అంతలోనే దగ్గర్లో మెరుపు మెరిసింది. ఎనిమిది మైళ్ల లోపు మెరుపు పడితే అరగంట ఆగాలి, మళ్లీ పడితే ఆ అరగంట మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత వాన ముంచెత్తింది. పిట్‌కి వెళ్లకుండా ట్రాక్ మీదే ఉండిపోయిన జస్టిన్ హేలీని విజేతగా ప్రకటించారు. నాస్కార్ అగ్రస్థాయిలో అతనికది మూడో రేసు.

హేలీ గెలుపును నేను తక్కువ చేయను. ఆకాశం చూసి సాహసించడం కూడా ఈ ఆటలో నేర్పే. నా అభ్యంతరమల్లా నిబంధన మీద. సగం దూరం, లేదా రేసును విడగొట్టిన స్టేజుల్లో రెండోది, ఏది ముందు పూర్తయితే అప్పటి నుంచి రేసు చెల్లినట్టే లెక్క. ఆపై వాన వదలకపోతే అప్పుడు ముందున్నవాడే విజేత.

తడి ట్రాక్ మీద నడపమని ఎవరూ అడగరు. డేటోనా మలుపులు 31 డిగ్రీల వాలులో ఉంటాయి. గాడులు లేని నున్నటి టైర్లతో, టన్నున్నర బరువున్న కారు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో అక్కడ నీటి మీద నిలవదు. ఆరబెట్టాల్సింది రెండున్నర మైళ్ల ట్రాక్. ఆలస్యం తప్పదు, సరే. కానీ మర్నాడు ఉంది కదా?

ఆ మర్నాడును నాస్కార్ వాడుకోకపోలేదు. 2020 డేటోనా 500లో ఆదివారం 20 ల్యాప్‌లయ్యాక వాన ఆపేసింది. మిగిలిన 180 సోమవారం పూర్తిచేశారు. అదే 2009లో 152 ల్యాప్‌లయ్యాక వాన వస్తే, మిగిలిన 48 వదిలేసి మాట్ కెన్సెత్‌కు కప్పు ఇచ్చేశారు. పసుపు జెండా పడే కాస్త ముందు అతను దాటింది ఎలియట్ శాడ్లర్‌ని. 180 ల్యాప్‌ల కోసం ఒక రాత్రి ఆగగలిగినవాళ్లు 48 ల్యాప్‌ల కోసం ఎందుకు ఆగలేరు? దీనికి నాకు సరైన జవాబు దొరకలేదు.

ఏడాదికి 36 రేసులు, వారం తిరిగేసరికి కార్లూ సిబ్బందీ మరో ఊళ్లో ఉండాలి. ఆ ఇబ్బంది నిజమే. అందుకే మామూలు రేసులకు సగం లెక్క ఉంచుకోమనే అంటాను. దూరాన్నే పేరులో పెట్టుకున్న డేటోనా 500కీ, షార్లెట్‌లో జరిగే 600 మైళ్ల రేసుకూ మాత్రం రిజర్వ్ డే ఉండాలి. 600 రేసు సంగతైతే మరీనూ. అది మనిషి ఓపికకూ ఇంజిన్ ఓపికకూ పరీక్ష. ఎండలో మొదలై దీపాల వెలుగులో ముగుస్తుంది, ట్రాక్ చల్లబడే కొద్దీ కారు తీరు మారుతుంది. అసలు కష్టమంతా చివరి వంద మైళ్లలోనే. 2024 మే 26న అక్కడ 400 ల్యాప్‌లకు 249 దగ్గర వాన ఆపింది. వాన వెలిసి ట్రాక్‌ను ఆరబెడుతుండగానే, అర్ధరాత్రి కావస్తుందనగా రేసు ముగించి క్రిస్టఫర్ బెల్‌ను విజేతగా ప్రకటించారు. అతను ఆ రోజు బాగా నడిపాడు, సందేహం లేదు. కానీ 151 ల్యాప్‌లు మిగిలే ఉన్నాయి.

ఆ రోజు కైల్ లార్సన్ ఇండియానాపొలిస్ 500 పూర్తిచేసుకుని విమానమెక్కి వచ్చాడు. అక్కడా వాన ఆలస్యం చేయడంతో ఇక్కడ అతని కారును జస్టిన్ ఆల్గైర్ నడుపుతున్నాడు. లార్సన్ చేరేసరికి రేసు ఆగి ఉంది. అతను ఒక్క ల్యాప్ కూడా తిరగలేదు. మర్నాడు సోమవారం, మెమోరియల్ డే, దేశమంతా సెలవు.