వేల్పు మనవాడు, యంత్రము పరులది

1933లో యోషిదా గోరో ప్రభృతులు టోకియోలో నొక చిన్న ప్రయోగశాల స్థాపించిరి. మఱుసటి యేట తాము రూపొందించిన కెమెరాకు క్వానన్ అని పేరిడిరి. క్వానన్ అనగా మన యవలోకితేశ్వరుడే. ఆ సంస్థయే నేటి కానన్. లేపాక్షి చిత్రములను పట్టు కెమెరాలనేగాక, కచేరీలలో నకళ్లు తీయు యంత్రములనుగూడ అది మనకమ్ముచున్నది.

పుట్టుకతోనే అది సమర్థమా? కాదు. 1936 నాటి తొలి విక్రయ కెమెరాకు కటకమును స్వదేశపు నిప్పన్ కోగాకు సంస్థనుండి గైకొనెను. ఇరుగుపొరుగుల తోడ్పాటే దాని మూలధనము.

పెనుకొండ చెంత 2019లో కొరియావారి కార్ల కర్మాగారము తెఱవబడెను. మనవారికి జీతములు దొరకెను. సంతోషమే. కాని జీతము వేఱు, విద్య వేఱు. సూక్ష్మయంత్రములు మనకు చేతగావనువారిని మేమడుగుచున్నాము: పట్టుపోగున నెమలిని నిలుపు ధర్మవరపు చేతికి గాజును సానబట్టుట యసాధ్యమా? ప్రభుత్వము హిందూపురమున కటకవిద్యాశాలను నెలకొల్పవలెను. వేల్పునిచ్చిన దేశము యంత్రమునకై పరుల వాకిట నిలుచుట యింక నెన్నాళ్లు?